పెరుగుదల లేదని వ్రాసిన సీసా

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమున వేకువజామున పాలక్యానుల బండ్లు కనబడని మార్గము లేదు. ఆ పల్లెలలో నొకదానినుండి రెండు మాసముల జ్వరముతో నొక యిల్లాలు మా పరీక్షాగారమునకు వచ్చెను.

“అమ్మా, పొద్దుగూకితే జరమొస్తది, తెల్లారితే చెమటలు పడ్తయి. నడుము లేస్తలేదు” అనెను.

ఆమె రక్తము కొంత తీసి, పోషకరసమున్న సీసాలో పోసి వెచ్చని పెట్టెలో నుంచితిని. ఏడవదినమువరకు రసము తేటగనే యుండెను. వాడుకచొప్పున “పెరుగుదల లేదు” అని వ్రాసి సీసాను ఆవిరియంత్రమునకు పంపితిని. ఆ మాటకు రోగము లేదని యర్థము కాదని నాకు తెలియును. కాగితము చదువువారికి తెలియునా? నొప్పి మాత్రలతో ఆమె యింటికి పోయెను.

మూడువారములకు భర్త చేయి పట్టుకొని మరల వచ్చెను. మొదటనే యడుగవలసిన ప్రశ్నను అప్పుడడిగితిని: “మీ గొడ్లు బాగున్నవా, అమ్మా?”

“రెండు బర్రెలు ఈసుకపోయినయి. ఉత్త చేతులతోనే తీసిన.”

నా తప్పు నాకు తెలిసినది. ఈ జ్వరమునకు మూలమగు సూక్ష్మజీవిని డేవిడ్ బ్రూసు 1887లో మాల్టాద్వీపమున, మృతులైన సైనికుల ప్లీహమునుండి పెంచెను. అది మేకలలో నున్నదని 1905లో జమ్మిత్తు అను వైద్యుడు కనిపెట్టెను. బ్రూసెల్లా యని దానికిప్పుడు పేరు. రక్తములో కొలదిగా నుండును, మెల్లగా పెరుగును. స్వయముగా కనిపెట్టు యంత్రములున్నచోట తరచుగా వారములోనే బయటపడును గాని, మావంటిచోట నాలుగువారములు వేచియుండవలెను.

ఈసారి కస్తనేడా సీసా తెచ్చితిని. దానిలో నొక ప్రక్క గట్టి అగరుపొర, అడుగున రసము. రెండుదినముల కొకసారి వంచినచో రసము పొరను తడుపును, మూత తీయబనిలేదు. అదియే ప్రధానము, ఏలయన నిది గాలితో లోనికిబోయి పరీక్షించువారినే మంచము పట్టించును. పదునాలుగవనాడు పొరమీద మంచుబిందువులవంటి సన్నని చుక్కలు కనబడెను. సీసాను తెరువక, మూడు పొరల పెట్టెలో నుంచి, మా అనుమానమును పైన స్పష్టముగ వ్రాసి, రక్షణపేటిక గల పెద్ద పరీక్షాగారమునకు పంపితిమి. అచ్చట నిర్ధారణమయ్యెను.

వైద్యుడు ఆరువారముల మందు వ్రాసెను. దానిని కొంగున ముడివేసికొని ఆమె గుమ్మముకడ నిలిచెను. “పొదుగుకాడి పచ్చిపాలు పిల్లగానికి తాపుతనమ్మా, బలమని. ఏమన్నయితదా?”

కాచి పోయుమంటిని. వానికిని వారమునుండి ఒళ్లు వెచ్చగ నున్నదట. మరునాడు తీసికొనివచ్చెను. వాని సీసామీద తేదీతోబాటు “నాలుగువారములు” అని వ్రాసి పెట్టెలో నుంచితిని.