అంపైరుగిరీ

ఆటలకూ నాకూ చుట్టరికం తక్కువ. చిన్నప్పుడు గోళీలాటలో కూడా ఓడిపోయినవాణ్ణే. అటువంటి నన్ను ఫిలింనగర్ పిల్లలు అంపైరును చేశారంటే, అది నా క్రీడాపాండిత్యం చూసి కాదు. "సారు తెలుగు లెక్చరరు, అబద్ధం ఆడరు" అన్న ఒక్క నమ్మకం మీద. తెలుగు చెప్పేవాళ్లు అబద్ధం ఆడరన్నది ఏ శాస్త్రంలో వుందో నాకు తెలియదు. అయినా ఆ గౌరవాన్ని కాదనడానికి మనసొప్పలేదు.

మా యింటి ఎదురుగా బండలు కొట్టించి చదును చేసిన ఖాళీ జాగా ఒకటి వుంది. ఒక పక్క జూబిలీహిల్స్ మేడలు, మరో పక్క బస్తీ యిళ్లు. సినిమావాళ్ల పేట గనక ఆ పక్కనుంచి నిర్మాతల పిల్లలూ, ఈ పక్కనుంచి లైట్‌బాయ్‌ల పిల్లలూ, వాచ్‌మన్‌ల పిల్లలూ వస్తారు. ఆదివారం ఉదయం ఈ రెండు లోకాలూ కలిసేది అక్కడే.

మొన్నొక ఆదివారం, బ్యాటూ వికెట్లూ తన యింటినుంచి తెచ్చే మేడ కుర్రాడు పరుగు తీస్తున్నాడు. వాడి బ్యాటు సరిగ్గా గీత మీద వుండగా వికెట్లు పడ్డాయి. గీత మీద వుంటే చాలదు, దాటి లోపలికి రావాలి. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా నా వేలు లేవలేదు. "నాటౌట్" అన్నాను. పది నిమిషాలు తిరక్కుండా ఒక వాచ్‌మన్ కొడుక్కి అచ్చంగా అదే జరిగింది. ఈసారి వేలు దానంతటదే లేచింది.

వాడు గొడవ చెయ్యలేదు. "సార్, వాడిదీ గీత మీదే కదా?" అన్నాడు.

"వాడిది కాస్త లోపలికి వుందిలే" అన్నాను.

వాడు బ్యాటు కింద పెట్టి, వెనక్కి చూడకుండా బస్తీ వైపు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మా మేనల్లుడు భోజనానికి వచ్చాడు. మాదాపూర్‌లో ఉద్యోగం. బెంగళూరులో చదివే రోజుల్లో వాడికి రగ్బీ పిచ్చి అంటుకుంది. కోడిగుడ్డు ఆకారం బంతి, జట్టుకు పదిహేనుమంది, చేత్తో బంతిని ముందుకు విసరకూడదు, వెనక్కే అందించాలి. 2025 జూన్‌లో ముంబయిలో మొట్టమొదటి రగ్బీ ప్రీమియర్ లీగు జరిగితే, అందులో హైదరాబాద్ హీరోస్ అని మన వూరి పేరుతో ఒక జట్టు ఆడింది. అది ఏడుగురేసి ఆడే పొట్టి ఆటే గాని, మావాడు మాత్రం పదిహేనుమంది ఆటకే భక్తుడు.

పొద్దుటి సంగతి దాచిపెట్టి, "ఒరే, మీ ఆటలో అంపైర్లు తీర్పులు సరిగ్గా చెబుతారట్రా?" అన్నాను.

"పుండు మీద కారం చల్లావు, మావయ్యా" అన్నాడు వాడు. అక్కడ అంపైరు అనరట, రిఫరీ అంటారట.

వాడు చెప్పిందిది. 2023లో ఫ్రాన్సులో ప్రపంచకప్పు జరిగింది. సెప్టెంబరు 9న మార్సేయిలో ఇంగ్లండు ఆటగాడు టామ్ కరీ, అర్జెంటీనా మనిషిని పట్టబోయి తలకు తల తగిలించాడు. ముందు పసుపు కార్డు చూపించారు. తరవాత మైదానం బయట ఒక అధికారి బొమ్మలు తిప్పి చూసి, దాన్ని ఎరుపు చేశాడు. మూడో నిమిషంలోనే వెళ్లినవాడు మరి రాలేదు. మర్నాడు అదే మైదానంలో దక్షిణాఫ్రికా ఆటగాడు జెస్సీ క్రీల్ స్కాట్లండు మనిషి తలకు అలాగే తగిలాడు. ఏ కార్డూ లేదు!

అక్టోబరు 28న ఫైనలు. న్యూజీలండు కెప్టెన్ సామ్ కేన్‌కు తల మీది దెబ్బకే ఎరుపు కార్డు. దక్షిణాఫ్రికా కెప్టెన్ సియా కొలీసీకి అదే ఆటలో, అదే రకం తప్పుకు పసుపు. అంటే పది నిమిషాలు కూచుని మళ్లీ వచ్చాడు. దెబ్బ జోరు తక్కువని అధికారులు చెప్పిన కారణం. దక్షిణాఫ్రికా 12, న్యూజీలండు 11. ఒక్క పాయింటు తేడా.

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూచున్నా ఒకటే" అంది మా ఆవిడ, నాకు పప్పు వడ్డిస్తూ.

ఆ జబ్బుకు మందుంది. 1986లో లాహోరులో పాకిస్తానూ వెస్టిండీసూ టెస్టు ఆడితే, పాకిస్తాన్ వాళ్లు తమ అంపైర్లను పక్కన పెట్టి, ఇద్దరు భారతీయుల్ని పిలిపించుకున్నారు. వారిలో వి.కె. రామస్వామి మన హైదరాబాదువాడే. వడ్డించేవాడు ఎవరివాడూ కాకపోతే సరి!

"కాదు మావయ్యా. మార్సేయి రిఫరీలూ ఏ పక్షంవాళ్లూ కారు" అన్నాడు మేనల్లుడు. రగ్బీలో చట్టాలు 21. కానీ బంతి మీద పదిమంది కుప్పపడిన క్షణంలో నాలుగైదు తప్పులు ఒక్కసారే జరుగుతాయట. అన్నిటికీ ఈల వేస్తే ఆట సాగదు. ఏది ఆటను చెడగొట్టిందో చూసి దానికే వెయ్యాలి. ఆ ఎంపిక మనిషి మనిషికీ మారుతుంది.

ఇది నాకు తెలిసిన వ్యవహారమే. వ్యాకరణంలో ఉత్త్వసంధి నిత్యం, ఇత్త్వసంధి వైకల్పికం, అత్త్వసంధి బహుళం. బహుళమంటే ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు. విద్యార్థులు విసుక్కుంటారు గాని, ఎక్కడ బహుళమో సూత్రం ముందే చెబుతుంది. తలకు దెబ్బ తగిలిన చోట బహుళం పెడితే ఆటగాడు దేన్ని నమ్మి ఆడాలి? తప్పుడు తీర్పును మనిషి దిగమింగుకుంటాడు. ఒకే తప్పుకు రెండు తీర్పులు గొంతు దిగవు.

"పోనీ, తప్పు జరిగిందని ఎప్పుడైనా ఒప్పుకున్నారా?" అన్నాను.

ఒప్పుకున్నారట. 2015 ప్రపంచకప్పు క్వార్టర్ ఫైనల్లో స్కాట్లండు చివరి నిమిషాల్లో 34–32తో ముందుంది. రిఫరీ క్రెయిగ్ జూబెర్ ఆస్ట్రేలియాకు పెనాల్టీ యిచ్చాడు. 35–34తో స్కాట్లండు యింటికి పోయింది. మర్నాడు ఆ ఆటను ఏలే సంస్థే, అది పెనాల్టీ కాదని బాహాటంగా ప్రకటించింది. స్కోరు మాత్రం మారలేదు. అలాగని రిఫరీల బతుకూ సుఖం కాదు. 2023 ఫైనల్లో టీవీ ముందు కూచున్న అధికారి టామ్ ఫోలీ, జనం తిట్లు పడలేక అంతర్జాతీయ పోటీల నుంచే తప్పుకున్నాడు.

నన్నెవరూ తిట్టలేదు. ఒక కుర్రాడు ఒక్క ప్రశ్న అడిగాడు. కుప్పలో నాలుగు తప్పులు చూసి ఒకటి ఏరుకున్నానని చెప్పుకోవడానికి నాకు వీలు లేదు. నేను చూసింది ఒక్క గీత. రెండుసార్లూ బాగానే కనిపించింది. మొదటిసారి వేలు లేవకపోవడానికి కారణం, ఆ కుర్రాడికి కోపం వస్తే బ్యాటూ వికెట్లూ యింటికి పోతాయి. అంతే.

మర్నాడు సాయంత్రం ఆ వాచ్‌మన్ కొడుకు గేటు దగ్గర తండ్రికి టీ ఫ్లాస్కు యిస్తూ కనిపించాడు. దగ్గరికి వెళ్లాను. గొంతు పెగుల్చుకుని, "నిన్న వాడూ ఔటేరా. నేను తప్పు చెప్పాను. ఆదివారం అందరి ముందూ చెబుతాను" అన్నాను.

వాడు ఫ్లాస్కు మూత బిగిస్తూ కాసేపు ఆలోచించాడు.

"అయితే ఈసారి నాకు ఫస్టు బ్యాటింగిస్తారా, సార్?"

ఇచ్చేద్దామని నాలిక చివరి దాకా వచ్చింది. ఇస్తే వాడూ సంతోషిస్తాడు, నా మనసూ తేలికపడుతుంది. కానీ మూడో తీర్పు కూడా తప్పే అవుతుంది.

"అది నా చేతిలో లేదు నాయనా. టాసు వెయ్యాలి" అన్నాను.

వాడు నవ్వాడు. ఆదివారం వచ్చాడు. టాసు ఓడిపోయాడు.