పద్దెనిమిది నిండిన మరునాడు

బళ్లారిలో మా కచేరీకి వచ్చే కాగితాలు కన్నడం. వచ్చే పిల్లల మాట సగానికి సగం తెలుగు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రవైపు పోయినా వియ్యాలూ కూలిపనులూ గీత దాటుతూనే ఉన్నవి. కనుక రెండు భాషలూ వచ్చిన మావంటి గుమాస్తాలకు తీరిక తక్కువ.

బాలమందిరంలోని పిల్లవాడికి 18 ఏండ్లు నిండితే మూట కట్టుకోవలసినదే. మన ఇండ్లలో ఆ వయసువాడికి అన్నం వేళ కూడా తల్లే గుర్తుచేయాలి! అట్లా బయటికి వచ్చే బిడ్డకు ఆర్థికసాయం చేయవచ్చునని 2015 నాటి బాలన్యాయ చట్టం. ‘చేయవలెను’ అనలేదు, ఆ తేడా గుమాస్తాలకు బాగా తెలుసు. నమూనా నియమాల ప్రకారం 21 ఏండ్ల వరకు, ప్రత్యేక సందర్భాలలో 23 వరకు ఆదరువు ఉంది. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలలో నెలకు 4,000 రూపాయలు.

ఆ 18 మాత్రం ఎవరి లెక్క? బడి పత్రమూ జనన పత్రమూ లేని బిడ్డకు వైద్య పరీక్ష మీద బాలల సంక్షేమ సమితి వయసు నిర్ణయిస్తుంది. చిన్ననాడు రైలుస్టేషనులో దొరికిన ఒక కుర్రవాడు తన ఫైలు చూసి, “సార్, ఇంకొక సంవత్సరం తక్కువ రాసింటే ఈడనే ఉండేవాణ్ణి కదా!” అన్నాడు. మాకు జవాబు తోచలేదు.

మోటారు వైండింగు నేర్చుకుంటానన్నాడు. అర్జీ రాసిపెట్టాము. గదే దొరకడం లేదు. ఎవరి కొడుకువని అడిగి తలుపు వేస్తున్నారు. కౌల్‌బజారులో ఒక గది ఖాళీ అని నిన్న తెలిసినది; ఇంటివారు తెలుగువారే. ఆదివారం మేమే వెంటబోయి అడుగుతాము.