నెలకో ఆదివారం

పిల్లలిద్దరూ హాస్టళ్ళకి వెళ్ళిపోయాక మా ఇంట్లో మాటలు బాగా తగ్గిపోయాయి. "ఫీజు కట్టారా?", "గ్యాస్ బుక్ చేశావా?" అంతే. ఇలా అయితే ఎలా అని, నెలకో ఆదివారం ఇద్దరమే స్కూటరు మీద బయటికి వెళ్ళాలని పట్టుబట్టాను. నా షరతు ఒక్కటే. తెల్లవారుజామునే లేచి నాలుగు డబ్బాల వంట చెయ్యను. పులిహోర మాత్రమే, అదీ నిమ్మకాయలు ఆయన పిండాలి!

మా రాజమండ్రి వాళ్ళకి దూరాలు పోనక్కర్లేదు కదండీ. ఇటు కడియం నర్సరీలు, అటు ధవళేశ్వరం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన చోటే ఇప్పుడు బ్యారేజీ. అది దాటి బొబ్బర్లంక మీదుగా వెళితే ఆత్రేయపురం.

అక్కడ ఒకావిడ పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ, కింద మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా పరిస్తే చాలు, క్షణంలో కాగితంలాంటి రేకు. ఆవిడ నుదుటి మీద చెమట చూసి మావారు, "రోజంతా ఈ సెగలోనేనా అమ్మా?" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వూ అంతేగా" అన్నారు మెల్లగా. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు.

ఆయనకి షుగరు. అందుకే ఒక్క బెల్లం పూతరేకు కొని, గట్టు మీద కూర్చుని చెరిసగం తిన్నాం. పెద్ద సగం నాదే.

మీ ఊరి పక్కనా ఓ కాలువగట్టో, చెరువో ఉండే ఉంటుంది. వెళ్ళిరండి. వంట మాత్రం మూట కట్టకండి!