స్టీరింగ్ వెనక రెండు గంటలు

భిలాయిని కట్టినవారి లెక్కలో రోజువారీ ప్రయాణానికి పెద్దగా చోటు లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారం పక్కనే సెక్టార్ల వారీగా క్వార్టర్లు లేచాయి. ఇల్లు, బడి, ఆస్పత్రి, బజారు, పని, అన్నీ సైకిల్ దూరంలోనే. శ్రీకాకుళం నుంచి వచ్చి చేరిన కార్మికుడికి డ్యూటీకి వెళ్లడమంటే తోటివాళ్లతో కబుర్లాడుతూ సైకిల్ తొక్కడమే.

ఆయన కొడుకు దారి వేరు. ప్లాంటులో ఉద్యోగాలు తగ్గాయి. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయ్‌పూర్ రాజధాని కావడంతో కొలువులు అటు పెరిగాయి. తండ్రి రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక కట్టుకున్న ఇంటి నుంచి అతడు రోజూ కారులో 30 కిలోమీటర్లు వెళ్తాడు, మళ్లీ అంత దూరమూ వస్తాడు.

గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు అతడికి కొత్తగా చెప్పేదేమీ లేదు. పవర్ హౌస్, చరోదా, కుమ్హారీ, ఖారూన్ నది, టాటీబంద్. ఇనుప కడ్డీల లారీ వెనక ఇరుక్కుంటే దాని నంబర్ ప్లేటు కంఠతా వచ్చేస్తుంది. క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు లాగుతుంది.

దేశంలోని రైళ్లకు పట్టాలు చేసిపెట్టే ఊరిది. హౌరా-ముంబై లైను పక్కనే ఉంది, లోకల్ రైళ్లూ ఉన్నాయి. మరి కారెందుకు? ఆఫీసు స్టేషన్‌కు దూరమని, రాత్రి ఎప్పుడు బయటపడతానో తెలియదని అంటాడు. పైకి చెప్పని కారణం ఒకటుంది. ఆ కాస్త సమయమే అతడి సొంతం. "డ్రైవింగ్‌లో ఉన్నా" అంటే ఆఫీసర్ కూడా ఫోన్ పెట్టేస్తాడు. ఘంటసాల పాట పూర్తిగా వినొచ్చు, గొంతు కలిపినా నవ్వేవారు లేరు. వానాకాలంలో ఖారూన్ వంతెన మీద అద్దం దించితే ఆ రోజు అలసట సగం దిగిపోతుంది.

కానీ లెక్క వేస్తే గుండె గతుక్కుమంటుంది. రోజుకు రెండు గంటలు, ఏడాదికి 300 పనిదినాలు. అంటే 25 పూర్తి రోజులు రోడ్డు మీదే. ఇల్లు చేరేసరికి కూతురు నిద్రపోతుంటుంది. ఆమెకు తెలుగు నేర్పుతున్నది తాతయ్యే.

ఆదివారం ముగ్గురూ అదే కారులో సెక్టార్ 5లోని బాలాజీ గుడికి వెళ్తారు. ఏ క్వార్టర్‌లో ఏ ఊరివాళ్లు ఉండేవారో ముందు సీట్లో కూర్చుని పెద్దాయన చెబుతుంటాడు. ఆ రోజు మాత్రం కొడుకు కారు మెల్లగా నడుపుతాడు.