మా ఱొమ్ములోని గుమాస్తా



గడచిన రెండు సంవత్సరములుగా మా ఎడమ భుజమునకు దిగువ, చర్మము క్రింద, అగ్గిపెట్టె యంతటి లోహపు పెట్టె యొకటి యున్నది. దానిని పేస్‌మేకర్ అందురు. దేవాలయమునకు వచ్చువారు, “పంతులుగారూ, అది మీ గుండెను కొట్టించునట కదా?” అని అడుగుచుందురు. కొట్టించును, నిజమే. కాని అది చేయు రెండవ పని యొకటి కలదు. దానిని గూర్చి ఎవ్వరును అడుగరు. మాకును మొదట తెలియదు. ఆ రెండవ పనివలననే మా యింట కొన్ని వారములు నిద్ర కరవయ్యెను.

ఒక శనివారమునాడు హారతి పళ్ళెము చేతనుండగనే కన్నులు చీకట్లు క్రమ్మి మేము స్తంభమునకు చేరగిలి కూలబడితిమి. అప్పుడు మా నాడి నిమిషమునకు 32 మాత్రమే కొట్టుచుండెనట. గుండె పై గదులలో పుట్టు విద్యుత్తు క్రింది గదులకు చేరుట మానినదని డాక్టరుగారు క్రియోలు భాషలో చెప్పిరి. మేము ప్రాథమిక పాఠశాల దాటి చదివినవారము కాము. మా మనుమరాలు కాగితముపై బొమ్మ గీసి చూపిన పిమ్మటనే తెలిసినది.

ఇట్టి యంత్రమును మనుష్యుని శరీరము లోపల మొట్టమొదట అమర్చినది 1958 అక్టోబరు 8వ తేదీన, స్వీడను దేశమున. రోగి పేరు ఆర్నె లార్సన్. యంత్రమును చేసినది రూనె ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజినీరు, అమర్చినది ఓకె సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు. అది కొన్ని గంటలే పనిచేసినది. పిదప రెండవది పెట్టిరి. అట్లు ఇరువదికి పైగా యంత్రములను మార్చుకొనుచు లార్సన్ 2001వ సంవత్సరము వరకు జీవించెను. ఆయన భార్య పట్టువిడువక అడిగి అడిగి ఆ పని జరిపించినదట. ఈ సంగతి మా ధర్మపత్నికి మిక్కిలి నచ్చినది, వచ్చినవారికెల్ల చెప్పుచున్నది.

ఆనాటి యంత్రము చెవిటిది. గుండె ఏమి చేయుచున్నదో వినకయే కొట్టుచుండెడిది. నేటిది వినును. మా పెట్టెనుండి రెండు తీగెలు, ఒకటి పై గదికి, ఒకటి క్రింది గదికి పోయినవి. పై గది తనంతట తాను కొట్టినప్పుడెల్ల మొదటి తీగె ఆ చిన్న విద్యుత్తును పట్టును, యంత్రము లెక్కించును. పై గది అతివేగముగ పరుగిడినచో, క్రింది గదిని దానివెంట పరుగిడనీయక తన నెమ్మది నడకనే నడిపించును. అంతటితో ఊరకుండదు. ఏ దినమున, ఏ వేళ, ఎంతసేపు లయ తప్పినదో వ్రాసి దాచును. డాక్టరుగారు ఆ గీతలను స్వయముగ చూచి నిర్ణయింతురు. ఏలయన యంత్రము ఒక్కొక్కప్పుడు క్రింది గది చప్పుడును పై గదిదని పొరబడవచ్చును.

మా ముత్తాత ఈ మారిషస్ దీవిలో చెఱకు నరుకునాడు, ఒక దినము పనికి రానిచో రెండు దినముల కూలి కోయు ‘డబల్ కట్’ అను పద్ధతి యుండెను. హాజరు పుస్తకమన్న మా పెద్దలకు గుండె దడ. మాకిప్పుడు గుండెలోనే హాజరు పుస్తకము!

ఆ పుస్తకమున, ఉగాది రాత్రి ఆరు గంటలసేపు మా పై గదులు లయ తప్పి వణకినట్లు వ్రాసియున్నది. మేమా రాత్రి పులిహోర తిని హాయిగ నిద్రించితిమి. ఏమియు తెలియలేదు. అట్లు వణకునపుడు పై గదిలో రక్తము నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము వచ్చును. 2012లో వెలువడిన యొక పరిశోధనలో, 65 ఏండ్లు దాటి రక్తపుపోటు కలిగి ఇట్టి యంత్రములు ధరించిన 2,580 మందిని చూడగా, మొదటి మూడు నెలలలోనే పదింట ఒక్కరికి ఇట్టి మౌనపు లయభంగము కనబడినది. వారికి పక్షవాతపు భయము తక్కినవారికంటె సుమారు రెండున్నర రెట్లు.

మరి రక్తము గడ్డకట్టనీయని మందు పుచ్చుకొనవలెనా? ఇచ్చటనే చిక్కు. 2023లో రెండు పరిశోధనలు వెలువడినవి. ఒకదానిలో ఎడాక్సబాన్ అను మందువలన స్పష్టమైన లాభము కనబడలేదు, రక్తస్రావము మాత్రము హెచ్చెను. రెండవదానిలో ఆపిక్సబాన్ అను మందు, ఆస్పిరిన్ పుచ్చుకొన్నవారితో పోల్చగా, పక్షవాతమును మూడవవంతునకు పైగా తగ్గించినది. కాని అందును రక్తస్రావము హెచ్చినది. “తెలియకున్న బాగుండెడిది” అని మేమంటిమి. “తెలిసినది కదా, ఇప్పుడు అడుగుడు” అని మా ధర్మపత్ని. డాక్టరుగారు మా వయస్సు, రక్తపుపోటు, చక్కెర వ్యాధి అన్నియు తూచి, మీకు మందే మేలనిరి. మేము రెండు వారములు ఆలోచించి ఒప్పుకొంటిమి.

ఇప్పుడు ఉదయ సాయంకాలములు మాత్ర వేసికొనుచున్నాము. చిన్న దెబ్బకే చేయి కమలుచున్నది. మనుమడు కత్తిని దాచివేసెను. కొబ్బరికాయలు వలుచు పని యువకులకు వదలితిమి. వారు పీచు సరిగ తీయరు. మరల ఆరు నెలలకు పుస్తకము విప్పుదురట. ఆ తేదీని మా ధర్మపత్ని దేవుని గదిలోని క్యాలెండరుపై కుంకుమతో గుర్తు పెట్టియున్నది.