పెద్దమ్మ కడుపు కేసు

మా పేటలో కడుపులో ఏ జబ్బొచ్చినా దాని పేరు గ్యాసే. మా పెద్దమ్మకి రెండేళ్ళు గ్యాస్. వేమూరులో ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ళ పరగడుపున వేసుకుంటే మంట తగ్గేది, నాట్లకి పోయేది. మనిషి మాత్రం సగమైపోయింది.

తెనాలిలో మొదటిసారి గొట్టం వేసి చూసి "పుండు" అని రాసి పంపారు. ముక్క తీయలేదు. జీర్ణాశయంలో వచ్చే లింఫోమా కెమెరాకి చాలాసార్లు మామూలు పుండులాగో, ఎర్రబడిన పొరలాగో కనిపిస్తుంది. పుండు దగ్గరా, బాగానే ఉన్నట్టున్న చోట్లా కూడా చాలా ముక్కలు తీసి మైక్రోస్కోపు కింద చూస్తేనే తేలుతుంది. ఆరు నెలల తర్వాత గుంటూరులో ఇంకో డాక్టరు ఆ పని చేశాడు.

"మాల్ట్ లింఫోమా" అన్నాడాయన.

"మాలోళ్ళకే వస్తదా అయ్యా ఇది?" అని అడిగింది పెద్దమ్మ.

నాకు నవ్వాగలేదు. బస్సెక్కాక ఆలోచిస్తే ఆవిడ మరీ అడగకూడనిదేం అడగలేదనిపించింది. ఎక్కువ కేసుల్లో దీని వెనకుండేది హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. దాన్ని కనిపెట్టినందుకే మార్షల్, వారెన్‌లకి 2005లో నోబెల్ ఇచ్చారు. అది చాలామందికి చిన్నప్పుడే అంటుకుంటుంది. ఇరుకిళ్ళలో, శుభ్రమైన నీళ్ళు లేనిచోట ఎక్కువ. పెద్దమ్మ చిన్నప్పుడు పేటవాళ్ళు ఊరి మంచినీళ్ళ చెరువులో కడవ ముంచడానికి లేదు. గొడ్లు దిగే కాలవ నీళ్ళే తాగారు.

తొలిదశలో దొరికితే ఈ కాన్సరుకి కత్తి అక్కర్లేకపోవచ్చు. 1993లో వోదర్‌స్పూన్, ఐజాక్సన్ల బృందం ఆరుగురికి ఆ బాక్టీరియాని చంపే మందులిస్తే ఐదుగురిలో లింఫోమా ఆనవాళ్ళు పోయాయి. తర్వాతి అనుభవంలోనూ నలుగురిలో సుమారు ముగ్గురికి ఆ మందులే సరిపోతున్నాయి. పెద్దమ్మకి పద్నాలుగు రోజుల బిళ్ళలు, అంతే. కీమో లేదు.

కానీ అది పూర్తిగా పోవడానికి ఏడాది పైన కూడా పట్టొచ్చు. పోయింది మళ్ళీ రావచ్చు, మామూలు కడుపు కాన్సరు భయమూ ఉంటుంది. అందుకే మొదట్లో మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఇంకాస్త ఎడంగా, ఏళ్ళ తరబడి గొట్టం, ముక్కలు. బాక్టీరియా చచ్చిందో లేదో చూసే పరీక్షకి ముందు రెండు వారాలు గ్యాస్ బిళ్ళ ఆపాలి, లేకపోతే ఉన్నది కూడా లేనట్టు చూపిస్తుంది. మంటగా ఉందంటే ఆర్‌ఎంపీ మళ్ళీ ఆ బిళ్ళే ఇచ్చాడు. పరీక్ష రెండోసారి చేయించాం.

ఈ తిరుగుడుని పెద్దమ్మ "వాయిదా" అంటుంది. ఆ మాట ఎక్కడిదో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. చుండూరు మా నియోజకవర్గమే. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. "తిరిగీ తిరిగీ ఏం తేలుద్దిరా?" అనే అనుమానం ఆవిడకి ఆస్పత్రి మీద కూడా ఉంది. పైగా ఒక్కో వాయిదాకి తన కూలీ, తోడొచ్చే వదిన కూలీ పోతాయి. రాత్రి నుంచీ పస్తు.

మీ ఇంట్లో ఎవరికైనా నెలల తరబడి "గ్యాస్" ఉండి, మనిషి చిక్కిపోతున్నా, విరేచనం నల్లగా అవుతున్నా ఎండోస్కోపీ చేయించండి. చేశామంటే, ముక్క తీశారా అని అడగండి.

పోయినసారి రిపోర్టులో లింఫోమా ఆనవాళ్ళు లేవు. ఆ కాగితం రేషన్ కార్డు సంచిలో దాచుకుంది. వచ్చే వాయిదా ఫిబ్రవరిలో. మినుం పీకుళ్ళూ అప్పుడే. నేను సెలవు పెట్టాను. ఆవిడ ఇంకా సరేననలేదు.