రాతిగోడల నేలమాళిగ



మన బోర్డింగు వంటశాలకు వెనుక, వేపచెట్టునకు తూర్పుగా, రాతిమెట్లు గల గొయ్యి యొకటి కలదు. క్రొత్తగా చేరిన పిల్లలు దానిని చూచి యిది బావియా యని యడుగుచుందురు. అది బావి గాదు. మేము తెలిసీ తెలియక చేసిన పనికి రాతితో కట్టించుకొన్న గురుతు. దాని కథను దాచుటకంటె చెప్పుటయే మేలని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2018వ సంవత్సరపు వేసవిలో, శీతల దేశములందలి రైతులు కట్టుకొను నేలమాళిగలను గూర్చి యొక పుస్తకమున చదివితిమి. అమెరికా దేశపు ఉత్తర భాగములలో కొండవాలున గొయ్యి త్రవ్వి, రాతిగోడలు లేపి, పైకప్పుమీద మన్ను కప్పి, ఉర్లగడ్డలు, క్యారెట్లు, బీట్‌రూట్లు మొదలగువానిని శీతకాలమంతయు నందులో నిలువ చేయుదురట. బోర్డింగు కూరగాయలు వాడి క్రుళ్లిపోవుట చూచి చూచి విసిగియున్న మాకు ఆ సంగతి యెంతయు నచ్చెను.

వెంటనే 9 అడుగుల లోతున గొయ్యి త్రవ్వించితిమి. గోడలు కట్టుటకు ఊరిలోని వృద్ధుడైన మేస్త్రి వచ్చెను. శనివారములందు మన బాలురు రాళ్లందించుచుండగా ఆయన పని నేర్పుచుండెను. పెద్దరాళ్లు అడుగున పడవలెను. ప్రతి రాయియు క్రింది రెండు రాళ్ల అతుకుమీద కూర్చుండవలెను. అతుకుమీద అతుకు రాకూడదు. అక్కడక్కడ గోడ మందమంతయు పోవు పొడుగురాయి వేయవలెను. గోడ కొంచెము మంటివైపునకు వాలియుండవలెను. వాననీరు గోడను నెట్టకుండునట్లు వెనుక గులకరాళ్లు నింపవలెను. ఆ గోడలో ఒక్క రాయియైనను నేటివరకు కదలలేదు.

పని ముగియవచ్చిన దినమున ఆయన, "అయ్యవారూ, ఇందులో ఏమి పెడతారు?" అని యడిగెను.

"ఎర్రగడ్డలు, గెనుసుగడ్డలు, తాతా."

"జొన్నలకైతే పాతర సరే. గడ్డకు గాలి కావలె గదా!"

"పుస్తకములో నున్నది తాతా" అని నవ్వితిమి. ఆయన మరి మాటాడలేదు.

మే నెల యెండలో మెట్లు దిగినప్పుడు మా యొడలు ఝల్లుమనెను. ఇక సందేహ మేమి? ఆ చల్లదనము పోవునేమోయని గాలిగొట్టములను సహితము మూసియుంచితిమి.

అక్టోబరులో ఎనిమిదవ తరగతి బాలుని తల్లి 6 బస్తాల ఎర్రగడ్డలతో వచ్చెను. మార్కెట్టులో ధర పడిపోయినది. అవి అమ్మిగాని ఆమె బోర్డింగు రుసుము చెల్లింపజాలదు. "మా మాళిగలో నుంచుడమ్మా, ధర వచ్చినప్పుడు అమ్ముకొందురుగాక" అంటిమి. ఆమె గొయ్యివంక చూచి, ఏదో చెప్పబోయి, చదువుకొన్నవారము గదా యని కాబోలు, ఊరకుండెను.

మూడవ వారమున దుర్గంధము బయలుదేరెను. మేము దిగబోవగా మేస్త్రి చేయి పట్టి యాపి, లాంతరును త్రాటితో లోనికి దింపెను. అది మసకబారి ఆరిపోయెను. మూతవేసిన చోట గడ్డలు క్రుళ్లునప్పుడు ప్రాణవాయువు తరిగి, బొగ్గుపులుసు వాయువు చేరును. పాతర తెరచునప్పుడు వెంటనే దిగరాదని మన పెద్దలు చెప్పుట ఇందుకే. తలుపులన్నియు తెరచియుంచి మరునాడు దిగితిమి. 5 బస్తాలు క్రుళ్లిపోయినవి. ఆరవది మొలకెత్తినది.

అప్పుడు ఉష్ణమాపకమును లోపల వ్రేలాడగట్టితిమి. ఈ పని మొదటనే చేయవలసియుండెను. అది 28 డిగ్రీలు చూపెను. నేలలోతున ఉష్ణము ఆ ప్రదేశపు సంవత్సర సగటు ఉష్ణమునకు దగ్గరగా నుండును. మంచు కురియు దేశములలో ఆ సగటు మిక్కిలి తక్కువ. పైగా చలిరాత్రుల గాలిని లోనికి విడిచి వారు మాళిగను ఇంకను చల్లబరతురు. మన సీమలో నేల వేసవి యెండకంటె చల్లనిదేగాని గడ్డలకు తగినంత చల్లనిది గాదు. 42 డిగ్రీల యెండనుండి దిగిన మేను మమ్ము మోసపుచ్చెను. వెచ్చదనము, చెమ్మ, గాలిలేమి ఈ మూడును కూడినచోట ఎర్రగడ్డ నిలువదు. ఎండిన జొన్నల సంగతి వేరు. చొప్ప పరచి మూసిన పాతరలో పురుగులు గాలిలోని ప్రాణవాయువును తామే హరించి చచ్చును.

ఆ సాయంకాలమే ఆమె యింటికి పోయి జరిగినది చెప్పి, బస్తాల వెల మా జీతమునుండి యిచ్చెదమంటిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అయ్యవారూ, ఎర్రగడ్డ మూసిపెడితే నిలవదని నన్నడిగింటే చెప్పుదును గదా" అనెను. కుమారుడు ప్రక్కనే నిలిచి వినుచుండెను. శిక్షణ కళాశాలలో బోధనాపద్ధతులెన్నో నేర్చితిమి. ఆ పంట పండించిన చేతులనే యడుగవలెనను పాఠము మాకు ఆ గడపలో దొరకెను.

తరువాత ఆమె చెప్పిన రీతిని, నేలకు రెండడుగులెత్తున వెదురుతడికల మంచె వేసి, పైన బోదకప్పు వేయించితిమి. ఎర్రగడ్డలు ఇప్పుడు దానిమీద గాలికి ఆరుచున్నవి. ఆకుకూరలకు వేరొక ఏర్పాటు చేసితిమి. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థవారు రూపొందించిన పద్ధతిని రెండు వరుసల ఇటుకగోడ కట్టి, నడుమ ఇసుక పోసి, దినము రెండు మారులు తడుపుచున్నాము. ఇటుక నీటిని పీల్చి ఆవిరిగా విడుచుటచే లోపల చల్లబడును. దీనికి మాత్రము రాయి పనికిరాదు.

గొయ్యిని పూడ్చవలెనని కొందరు సలహా యిచ్చిరి. మేము సమ్మతింపలేదు. కప్పు తీసివేయించి, మెట్లచుట్టు పిట్టగోడ కట్టించితిమి. గోడరాళ్ల సందున లోతుగా గ్రుచ్చిన ఉష్ణమాపకమును ప్రతి నెల మొదటి సోమవారమున ఎనిమిదవ తరగతివారు చదివి పట్టికలో వ్రాయుచున్నారు. తలిదండ్రులారా, పాఠశాలకు వచ్చినప్పుడు దానిని చూడుడు. మేము చేయు పనిలో లోపము మీకు తోచినయెడల మొగమోటపడక చెప్పుడు. మేము వినుటకు సిద్ధముగా నున్నాము.